అర్జెంటా, ఆత్రమా?

బస్సు శిరివెళ్ల దాటుతుండగా తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. నంద్యాలలో ఎక్కినప్పటి నుంచి అది నాలుగోసారి.

"యాడికొచ్చినావన్నా? మధ్యాన్నం నమాజు అయితానే ఎత్తుతారంట. బేగా రా."

"బస్సు నేను తోల్తాండానా?" అని విసుక్కున్నాను. పెట్టేశాడు. రెండు నిమిషాలకు మళ్లీ చేసి అదే మాట అన్నాడు. నాకూ మనసు ఒకచోట నిలవడం లేదు. కిటికీ అద్దం జరిపాను, దుమ్ము కొట్టింది, మూశాను, ఉక్క పోసింది, మళ్లీ జరిపాను. పక్క సీటాయన ఏదో ఒకటి తేల్చుకో అన్నట్టు చూశాడు.

పోయిన మనిషి మాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ల కింద ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర ఎస్టీడీ బూత్ నడిపినాయన. ఊళ్లో అందరికీ భాయ్. ఆయన్ను చివరిసారి చూడ్డానికి పోతున్నాను. బతికుండగా పోవలసినవాణ్ణి.

భాయ్‌ని కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. బూత్‌లో ఒక ఇనుప కుర్చీ ఉండేది, అది వచ్చినవాళ్లకు. ఆయన మాత్రం అద్దాల గది తలుపు దగ్గర నుంచి రోడ్డు అంచు దాకా, మళ్లీ అక్కడి నుంచి లోపలికి, తిరుగుతూనే ఉండేవాడు. చిల్లర ఇచ్చేది తిరుగుతూనే, టీ తాగేది తిరుగుతూనే. అదీ ఎడమ కాలు కాస్త ఈడుస్తూ. బూత్ పెట్టకముందు టెలిఫోన్ లైన్ల పనిలో కూలీగా నంద్యాల నుంచి ఇటు గుంతలు తవ్వాడు, తీగలు లాగాడు. ఒకరోజు స్తంభం కాలి మీద పడింది. ఆ కాలు చూపించే వికలాంగుల కోటాలో ఈ బూత్ తెచ్చుకున్నాడు. "ఆ కాలితో అంతసేపు ఎందుకు తిరుగుతావ్ భాయ్, కుర్చీ ఉంది గదా" అంటే "కూర్చుంటే నొస్తాది" అనేవాడు.

లోపల ఎవరైనా మాట్లాడుతుంటే మీటర్ మీద ఎర్ర అంకెలు మారేవి. అవి మారేకొద్దీ ఆయన నడక వేగం పెరిగేది, ఆ దుడ్లు తన జేబులోంచే పోతున్నట్టు. అంకె మరీ పెద్దదైతే చేతి ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టేవాడు. లోపలి మనిషి ఉలిక్కిపడి, "ఇంగ ఉంటా, ఇంగ ఉంటా" అని పెట్టేసేవాడు. ఎంతసేపు మాట్లాడితే తనకంత లాభం. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు.

నేను అప్పుడు బూత్‌కు ఎదురుగా ఎరువుల అంగట్లో గుమాస్తాని. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు రోడ్డు దాటి ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. ఒకరోజు అడిగాను.

"అదే తీగ, అదే ఫోను. పొద్దున పదింటికి ఒక రేటు, సాయంత్రం ఏడు దాటితే సగం, ఇంకా పొద్దుపోతే ఇంకా తక్కువ. మనల్ని మోసం చేస్తాండారా భాయ్?"

"మోసం గాదప్పా," అన్నాడు, నడక ఆపకుండా. "నంద్యాల బస్టాండులో పొద్దున తొమ్మిదింటికి చూసినావా? ఆఫీసులోళ్లు, కాలేజీ పిల్లోళ్లు, ఆస్పత్రికి పొయ్యేటోళ్లు అంతా ఒక్కసారే వస్తారు. ఉన్న బస్సులు చాలవు. ఇంకో నాలుగు కొనాల. కొంటే అవి మధ్యాన్నం రెండింటికి ఖాళీగా నిలబడుంటాయి. నిలబడిన బస్సుకు దుడ్లు ఎవడియ్యాల? తొమ్మిదింటికి తోసుకొని ఎక్కినోడే ఇయ్యాల. వాని కోసమే గదా కొన్నది. ఇదీ అంతే. ఈడ నుంచి నంద్యాలకు ఇన్ని దోవలు, ఆడ నుంచి హైదరాబాదుకు ఇన్ని. ఒక దోవలో ఒక మాటే పోతాది. పదింటికి వ్యాపారస్తులంతా ఒక్కసారే ఎత్తుతారు. వాళ్లందరికీ చాలేటన్ని తీగలు వెయ్యాల. నేనే గుంతలు తవ్వినా. పొద్దుమునిగితే ఆ తీగలు ఊరికే పడుంటాయి. అందుకే పగలు ఎక్కువ. తొందర లేనోడు సాయంత్రానికి తప్పుకుంటే, తొందరున్నోనికి పగలు దోవ దొరుకుతాది."

"లెక్క బాగానే ఉండాది గదా?"

"యాడ బాగుంది?" అని గిరుక్కున తిరిగాడు. "తొందర లేనోడు తప్పుకోవాలని గదా రేటు పెట్టినారు? తప్పుకుంటాండేది ఎవరు? దుడ్లు లేనోడు. వాని తొందర ఎంతని ఎవరన్నా అడిగినారా?"

ఎవరూ అడగడం లేదు కాబట్టి ఆయన అడిగేవాడు. పగటిపూట ఎవరు వచ్చినా నంబరు చీటీ చేతికి తీసుకుని, డయల్ చెయ్యకుండా, మనిషి మొహం చూసి, "అర్జెంటా, ఆత్రమా?" అనేవాడు. ఆత్రమైతే ఏడు దాటాక రమ్మనేవాడు. అర్జెంటైతే వెంటనే కలిపేవాడు. వ్యాపారస్తులకు ఒళ్లు మండేది. "మా దుడ్లు, మా ఇష్టం. నీకేందీ నొప్పి?" అని పక్క బూత్‌కు పోయేవాళ్లు. పొమ్మనేవాడు.

దొర్నిపాడు నుంచి ఒకామె వచ్చింది ఒకసారి. కూతురు హైదరాబాదులో నిండు నెలలతో ఉంది. అల్లుడు పనిచేసే చోట ఫోన్ ఉంది. నొప్పులు మొదలయ్యాయో లేదో అడగాలని. భాయ్ అలవాటుగా అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించి, "ఆత్రమే నాయనా, సాయంత్రం వస్తాలే" అని మెట్లు దిగబోయింది. భాయ్ కుంటుకుంటూ ఎదురుపోయి ఆపాడు. "అమ్మా, నీది అర్జెంటే. నీకు తెలీడం లేదంతే" అని లోపలికి తీసుకుపోయి కలిపాడు. సగం రేటే తీసుకున్నాడు. "ఏడు దాటింది అనుకో" అన్నాడు. అప్పుడు టైము పదకొండు.

నా సంగతి కూడా ఒక పదకొండు గంటలప్పుడే.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయన, నేను, తమ్ముడు. నాయన నూనె మిల్లులో పనిచేసేవాడు. తమ్ముడు ఇంటర్ తప్పి, ఆ సంగతి రెండు నెలలు దాచాడు. తెలిసిన రోజున నాయన మిల్లు గేటు దగ్గర, తోటివాళ్ల ముందే వాణ్ణి కొట్టాడు. మరుసటి రోజు వాడు లేడు. మూడు నెలల తర్వాత, ఒక బుధవారం, బెంగళూరు నుంచి కార్డు వచ్చింది. ఒక బేకరీలో పనిచేస్తున్నాడట. "శుక్రవారం బొంబాయి పోతాండా. ఓడల మీద పని ఉందంట. ఏమన్నా చెప్పేదుంటే ఈ నంబరుకు చెయ్యండి." కింద బేకరీ ఫోన్ నంబరు.

నాయన కార్డును రెండుసార్లు చదివించుకున్నాడు. తెల్లారి పనికి పోతూ వాకిట్లో ఆగి, నా వైపు చూడకుండా, "రమ్మని చెప్పు" అన్నాడు.

అంగడి యజమాని దగ్గర పది నిమిషాలు అడుక్కుని, బూత్‌కు పోయాను. భాయ్ చీటీ తీసుకున్నాడు.

"బెంగళూరా? ఎవరుండారాడ?"

చెప్పాను. తమ్ముడు ఇంట్లోంచి పోయిన సంగతి ఆయనకు తెలుసు. తిరగడం ఆపి నా పక్కనే నిలబడ్డాడు. "బొంబాయికి పొయ్యేది ఎప్పుడు?"

"రేపు."

"ఎంతసేపు మాట్లాడాల?"

"పది నిమిషాలన్నా కావాల భాయ్. వానికి చానా చెప్పేదుండాది."

"పొయ్యేది రేపు గదా. ఏడు దాటినాక రాపో. అవే దుడ్లకు రెండింతలు మాట్లాడుకోవచ్చు. ఇప్పుడైతే నువ్వు సగం చెప్పకముందే నేను అద్దం కొట్టాల్సొస్తాది." చీటీ తిరిగి ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే చెప్పు. అర్జెంటా, ఆత్రమా?"

"ఆత్రమే," అన్నాను.

సాయంత్రం ఏడయ్యేసరికి బూత్ ముందు పదిమంది దాకా ఉన్నారు. అందరూ సగం రేటు కోసం వచ్చినవాళ్లే. భాయ్ నన్ను ముందు పంపాడు. బేకరీలో గిరాకీ వేళ కాబోలు, ఫోన్‌లో ఒకటే గోల. యజమాని కన్నడం కలిసిన తెలుగులో, గట్టిగా అరుస్తూ చెప్పాడు. "నాలుగు గంటలకే పోయినాడప్పా! జతగాళ్లకు టికెట్లు ఈ దినమే దొరికినాయి. పొద్దున్నుంచి ఈ ఫోన్ పక్కనే కూర్చున్నాడు. ఊటకు, తిండికి కూడా లేవలేదు. మా ఊరి నుంచి ఫోన్ వస్తాది అంటానే ఉన్నాడు."

గదిలోంచి బయటికి వచ్చాను. భాయ్ ఎదురొచ్చాడు. "దొరికినాడా?"

"నాలుగింటికే పోయినాడంట. పొద్దున్నుంచి ఫోన్ కాడే కూర్చున్నాడంట."

ఆయన ఏదో అనబోయాడు. నేను అననివ్వలేదు. "నువ్వు ఆపకుంటే దొరికేవాడు! నీ అర్జెంటూ, ఆత్రమూ! నువ్వెవడివి చెప్పేకి? మా తమ్మున్ని పోగొట్టినావ్ గదా!" అని అంతమంది ముందు అరిచాను. ఒకరిద్దరు నా చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాను.

భాయ్ వెళ్లి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. ఆత్రమే అన్నది నువ్వే కదా అని ఒక్క మాట అని ఉంటే నా నోరు పడిపోయేది. ఆ మాట ఆయన అప్పుడూ అనలేదు, ఆ తర్వాత కూడా ఎవరి దగ్గరా అనలేదు.

ఇంటికి వెళ్లి నాయనకు చెప్పాను. "పొద్దున్నే ఎందుకు చెయ్యలేదురా?" అన్నాడు. "భాయ్ ఆపినాడు," అన్నాను. అంతవరకే చెప్పాను.

ఆ తర్వాత ఐదేళ్లు నేను ఆ బూత్ మెట్లెక్కలేదు. కానీ ఎదురుగా ఉన్న అంగడి నుంచి చూడకుండా ఎలా ఉంటాను? ఆయన ఎవరినీ ఏమీ అడగడం మానేశాడు. అద్దం కొట్టడం మానేశాడు. ఏ వేళప్పుడు ఎవరు చీటీ ఇచ్చినా ముందు నంబరు కలిపేవాడు. కలిసేలోపల మాత్రం తొందర తొందరగా ఒక మాట అనేవాడు, ఆ గొంతు రోడ్డు ఇవతలికి కూడా వినిపించేది. "చెప్పాల్సింది ముందు చెప్పు. తిన్నారా, బాగుండారా అనేది మిగిల్తే అడుగు." తిరగడం మాత్రం ఎక్కువైంది. సాయంత్రానికి ఆ కాలు వాచిపోయేదని ఊళ్లో అనుకునేవాళ్లు. నేను చూడలేక, నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పని దొరికితే అక్కడికి మారిపోయాను.

తమ్ముడి నుంచి ఐదేళ్లూ ఏ కబురూ లేదు. నాయన మిల్లు నుంచి వచ్చాక వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేవాడు. సైకిల్ బెల్లు వినపడితే పోస్టుమ్యాన్ అనుకుని లేచేవాడు. వాడు ఓడ మునిగి పోయాడని ఒకరు, కేసులో ఇరుక్కున్నాడని ఒకరు చెప్పారు. ఏదీ నమ్మలేక, నమ్మకుండా ఉండలేక బతికాం.

ఐదో ఏడు, నేను నంద్యాల నుంచి ఇంటికి వచ్చిన ఒక ఆదివారం, వాడు తిన్నగా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నల్లబడ్డాడు, భుజాలు వచ్చాయి. నాయన వాణ్ణి తడిమి తడిమి చూశాడు. గుజరాత్ తీరంలో సరుకు ఓడల మీద వంటపని చేశాడట. "కార్డన్నా రాయకూడదా రా?" అన్నాను. "ఆ పొద్దు ఫోన్ రాలేదు గదా. నాయన నన్ను వద్దనుకున్నాడు అనుకున్నా," అన్నాడు.

"మరి ఇప్పుడెందుకొచ్చినావ్?"

అప్పుడు చెప్పాడు. ఏదో పని కోసం బెంగళూరు బేకరీ యజమానికి ఫోన్ చేశాడట. ఆయన వాడి గొంతు గుర్తుపట్టి తిట్టాడట. "మీ ఊరాయన ఒకడు నెలనెలా ఒకటో తారీఖు ఫోన్ చేస్తాడు. పొద్దున పదకొండింటికి. 'హుడుగ బందనా' అంటాడు. పిల్లోడు వచ్చినాడా అని. లేదంటే పెట్టేస్తాడు. ఐదేళ్లుగా ఇదే. ముందు పోయి మీ వాళ్లకు కనపడు," అన్నాడట.

ఊళ్లో మేము కాక ఆ నంబరు తెలిసింది భాయ్‌కే. సాయంత్రాలు బేకరీలో గిరాకీ. ఫోన్ ఎత్తినా ఎవరూ సరిగా పలకరు. అందుకని భాయ్ పగలే, నిండు రేటుకే చేశాడు. ఈ సంగతి నాకు గానీ నాయనకు గానీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బూత్‌కు పోయాను. సెల్‌ఫోన్లు అప్పుడే వస్తున్నాయి, బూత్ ముందు ఎవరూ లేరు. భాయ్ రోడ్డు అంచున ఉన్నాడు. నన్ను చూసి ఆగాడు. నా పక్కన ఉన్నవాణ్ణి చూసి, కాలు ఈడుస్తూ గబగబా వచ్చి వాడి రెండు చెంపలూ పట్టుకున్నాడు. "వచ్చినావా అప్పా, వచ్చినావా" అని నాలుగైదుసార్లు అన్నాడు. కూతుర్ని పిలిచి టీ తెప్పించాడు. గ్లాసు వాడి చేతిలో పెట్టి, అటో నడక ఇటో నడక నడిచి, చివరికి అడిగాడు.

"ఒక మాట చెప్పు. ఆ పొద్దు పదకొండుకు ఫోన్ వచ్చింటే నువ్వు ఆగేవాడివా?"

తమ్ముడు నా వైపు చూడలేదు. "వచ్చినా ఆగేవాణ్ణి గాదు భాయ్. అప్పటికే మనసు ఓడెక్కింది."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

భాయ్ నవ్వాడు. నా వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవాలి. "విన్నా భాయ్. బస్సుకు టైమైతాండాది," అన్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. నాయన పోయాడు. తమ్ముడు ఆళ్లగడ్డలోనే బేకరీ పెట్టుకున్నాడు. బూత్ జిరాక్స్ అంగడి అయింది, కొన్నాళ్లకు అదీ మూతపడింది. నేను ఆళ్లగడ్డ వచ్చినప్పుడల్లా భాయ్‌ని చూసి పోదామనుకునేవాణ్ణి. ఏదో ఒక పని అడ్డం వచ్చేది. వచ్చేలా చూసుకునేవాణ్ణి.

ఇవాళ నేను చేరేసరికి ఇంకా ఎత్తలేదు. మొహం చూశాను. కదలకుండా పడుకున్న భాయ్ ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. తమ్ముడు, నేను భుజం మార్చుకుంటూ ఖబరస్తాన్ దాకా నడిచాం. మట్టి వేసి వచ్చాక టీ అంగట్లో కూర్చున్నాం. ఇన్నేళ్లుగా అడగనిది అడిగాను.

"ఆ పొద్దు భాయ్‌కి చెప్పింది నిజమేనా? ఫోన్ వచ్చినా ఆగేవాణ్ణి గాదని?"

తమ్ముడు గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు. "నాకే తెలీదన్నా. పొద్దున్నుంచి ఫోన్ కాడ కూర్చున్న మాట నిజం. నాయన రమ్మన్నాడు అనే మాట మొదట వినపడింటే, ఆ పొద్దే ఊరికి బస్సెక్కేవాన్నేమో. నువ్వు 'సిగ్గుందా రా నీకు' అని మొదలుపెట్టింటే, ఫోన్ కిందపెట్టి పోయేవాన్ని."

నేను ఎలా మొదలుపెట్టేవాణ్ణో నాకు తెలుసు. రమ్మన్నాడు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. పగటి రేటుకైనా ఆ నిమిషానికి సరిపడా దుడ్లు నా జేబులో ఉన్నాయి. నేను భాయ్‌ని అడిగింది పది నిమిషాలు. మిల్లు గేటు దగ్గర నాయనకు పోయిన పరువు, నేను అప్పుచేసి కట్టిన వాడి పరీక్ష ఫీజు, మూడు నెలలు ఊళ్లో నేను పడిన మాటలు, అన్నీ వరసగా పేర్చుకుని వెళ్లాను. రమ్మన్న మాట ఆఖర్న పెట్టుకున్నాను, వాడు బాగా ఏడ్చాక చెబుదామని. రెండింతలు మాట్లాడొచ్చు అని భాయ్ అన్నప్పుడు నాకు సంతోషమే వేసింది.

అదంతా తమ్ముడికి చెప్పాను. ఆత్రమే అన్నది నేనేనని కూడా చెప్పాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఈ మాట భాయ్‌కి ఎప్పుడన్నా చెప్పినావా?"

"లేదు."

"నేను చెప్పిన అబద్ధం ఆయన నమ్మలేదన్నా, కనపడినప్పుడల్లా మళ్లీ అదే అడిగేవాడు. నీ నిజం చెప్పింటే నమ్మేవాడు."

టీ పూర్తిగా తాగకుండానే లేచాను. వాడు ఎక్కడికని అడగలేదు. భాయ్ ఇంటి ముందు చాపల మీద ఇంకా కొందరు కూర్చుని ఉన్నారు. ఆయన కూతురు వాకిట్లోకి వచ్చింది. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. కూర్చోమంది. కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పాను, ఆ రోజు బూత్ ముందు అంతమందిలో అరిచినట్టే, ఇప్పుడూ నలుగురికీ వినపడేలా.

ఆమె చివరి దాకా విన్నది.

"అబ్బాకు చెప్పాల్సింది నాకు చెప్తాండావన్నా," అంది.

గొంతులో కోపం లేదు. లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను. అక్కడే నిలబడ్డాను. ఆమె పొమ్మనలేదు.